డాలరు మీదికి దేవుడెప్పుడొచ్చాడు

1787 వేసవిలో ఫిలడెల్ఫియాలో తయారైన అమెరికా రాజ్యాంగంలో దేవుడి ప్రస్తావన లేదు. చివర తేదీ వేసేచోట ఆనాటి దస్తావేజుల ఆనవాయితీ కొద్దీ 'మన ప్రభువు సంవత్సరం' అన్న మాట పడింది, అంతే. మతం గురించి అందులో ఉన్న నిబంధన ఒక్కటే: ఏ ప్రభుత్వ పదవికీ మతాన్ని అర్హతగా పెట్టకూడదని ఆరో అధికరణం చెబుతుంది. చర్చలు ముందుకు సాగక సభ మొండికేసిన రోజుల్లో, జూన్ 28న, ఎనభై ఒకటేళ్ల బెంజమిన్ ఫ్రాంక్లిన్ లేచి, రోజూ ప్రార్థనతో సభ మొదలుపెడదామన్నాడు. ఆ సూచన ఆమోదం దాకా రాలేదు. ముగ్గురో నలుగురో తప్ప మిగతావాళ్లకు ప్రార్థన అవసరమనిపించలేదని ఫ్రాంక్లిన్ తన ప్రసంగం కాగితం అడుగున రాసిపెట్టుకున్నాడు.

ఇవాళ అమెరికా నోటు మీద 'దేవుణ్ణి నమ్ముకున్నాం' అని ఉంటుంది. బడిపిల్లలు జెండాకు చేసే ప్రమాణంలో దేవుడు ఉన్నాడు. అధ్యక్షుడి పెద్ద ప్రసంగాలు దేశాన్ని దీవించమని దేవుణ్ణి అడగడంతో ముగుస్తాయి. టీవీ చర్చల్లో కూర్చునేవాళ్లు ఇదంతా దేశం పుట్టిననాటి పిత్రార్జితం అన్నట్టు మాట్లాడతారు. పిత్రార్జితమే కావచ్చు గాని ఒక్కోదాని రిజిస్ట్రేషన్ తేదీ ఒక్కోటి, అన్నీ 1787 తర్వాతవే. వాటిలో చాలామటుకు యుద్ధం జరుగుతున్నప్పుడో, యుద్ధభయం పట్టుకున్నప్పుడో పడ్డవి.

రాజ్యాంగం రాసినవాళ్ల మౌనం భక్తి లేక వచ్చింది కాదు. మతం చేతికి అధికారం చిక్కితే ఏమవుతుందో వలసల్లో వాళ్లు చూసి ఉన్నారు. ఇంగ్లండులో వేధింపులు పడలేక అట్లాంటిక్ దాటిన ప్యూరిటన్లు మసాచుసెట్స్‌లో తమ చర్చినే సర్కారీ చర్చిగా చేసుకున్నారు. తమ మాట కాదన్న రోజర్ విలియమ్స్‌కు 1635లో బహిష్కార శిక్ష వేశారు. అతను దక్షిణంగా పోయి ప్రావిడెన్స్ ఊరు కట్టాడు. 1659–61 మధ్య నలుగురు క్వేకర్లను బోస్టన్‌లో ఉరితీశారు. వర్జీనియాలో సర్కారీ మతం ఆంగ్లికన్. అక్కడ అనుమతి లేకుండా బోధించారని బాప్టిస్టు పాస్టర్లను 1760ల చివరా 1770ల్లోనూ జైళ్లలో పెట్టారు. వాళ్లలో కొందరు ఊచల వెనకనుంచే ప్రసంగాలు చేస్తే జనం బయట నిలబడి విన్నారు. ఈ జైళ్ల సంగతి దగ్గరగా ఎరిగిన జేమ్స్ మాడిసన్, బోధకుల జీతాలకు పన్ను వేయాలన్న పాట్రిక్ హెన్రీ బిల్లును ఎదిరిస్తూ 1785లో ఒక విన్నపం రాశాడు. బిల్లు వీగిపోయింది. మరుసటి జనవరిలో, థామస్ జెఫర్సన్ ఎప్పుడో రాసిపెట్టిన మతస్వేచ్ఛ చట్టం వర్జీనియా శాసనసభలో నెగ్గింది. కాంగ్రెస్ ఏ మతాన్నీ సర్కారీ మతంగా నిలపరాదు, ఎవరి ఆరాధననూ ఆపరాదు అన్న మొదటి రాజ్యాంగ సవరణ 1791 డిసెంబరులో అమల్లోకి వచ్చింది.

అయితే ఆ సవరణ కట్టిపడేసింది కేంద్రాన్ని మాత్రమే. కనెక్టికట్‌లో 1818 దాకా, మసాచుసెట్స్‌లో 1833 దాకా సర్కారీ చర్చి బతికే ఉంది. అక్కడ మైనారిటీగా నలుగుతున్నది బాప్టిస్టులు. చర్చికీ సర్కారుకూ నడుమ అడ్డుగోడ కావాలని గట్టిగా పట్టుబట్టినవాళ్లూ వాళ్లే. ఈ చరిత్రలో మొదటినుంచి చివరిదాకా అడుగడుగునా ఎదురయ్యేదీ ఆ శాఖవాళ్లే, కాకపోతే ఎప్పుడూ ఒకే పక్కన ఉండరు.

1800 ఎన్నికల్లో జెఫర్సన్‌ను న్యూ ఇంగ్లండ్ పాదర్లూ ఫెడరలిస్టు పత్రికలూ నాస్తికుడని తిట్టిపోశారు. అతను గెలిస్తే ఇళ్లలో బైబిళ్లు దాచుకోవాల్సి వస్తుందన్నారు. మసాచుసెట్స్‌లోని చెషైర్ అనే చిన్న ఊళ్లో బాప్టిస్టు పెద్ద జాన్ లీలండ్ మాత్రం జెఫర్సన్ గెలుపును పండగ చేశాడు. ఊళ్లో ఆడవాళ్లు ఒకచోటికి పెరుగు విరుగుడు తెచ్చిపోశారు. అంత పెద్ద అచ్చు దొరక్క యాపిల్ రసం పిండే గానుగలోనే జున్నుగడ్డను అదిమారు. అది 1,235 పౌన్ల బరువు తూగింది, అంటే దాదాపు 560 కిలోలు. అందులో ఫెడరలిస్టుల ఆవుపాలు చుక్కైనా కలవలేదని లీలండ్ గొప్పగా చెప్పుకున్నాడు. స్లెడ్జి మీదా పడవ మీదా బండి మీదా వాషింగ్టన్ చేరిన ఆ గడ్డను 1802 జనవరి 1న అధ్యక్షుడికి అప్పగించారు. జెఫర్సన్ ఊరికే తీసుకోకుండా 200 డాలర్లు ఇచ్చాడు. అదే రోజు అతను కనెక్టికట్‌లోని డాన్‌బరీ బాప్టిస్టుల సంఘానికి జవాబు రాస్తూ, మొదటి సవరణ చర్చికీ రాజ్యానికీ మధ్య అడ్డుగోడ కట్టిందన్నాడు. సుప్రీంకోర్టు ఇప్పటికీ కొట్లాడుకుంటున్న ఉపమానం ఆ ఉత్తరంలోదే. రెండు రోజుల తర్వాత లీలండ్ ప్రతినిధుల సభ హాల్లో ఆదివారం ప్రసంగం చేస్తే జెఫర్సన్ వెళ్లి కూర్చుని విన్నాడు. గోడ ఎంత ఎత్తు, ఎక్కడ దిడ్డి పెట్టాలి అన్న తగాదా గోడ కట్టిన వారంలోనే మొదలైందన్నమాట.

ఆ తరం ప్రభుత్వానికి మాత్రం ఈ విషయంలో పెద్దగా తడబాటు లేదు. ఉత్తరాఫ్రికాలోని ట్రిపోలీతో చేసుకున్న ఒప్పందంలో, అమెరికా ప్రభుత్వం క్రైస్తవం పునాదిగా ఏర్పడింది కాదని స్పష్టంగా రాసి ఉంది. 1797 జూన్‌లో సెనెట్ దాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది. ఇంకా ముచ్చటైనది తపాలా కథ. పెన్సిల్వేనియాలోని వాషింగ్టన్ అనే ఊళ్లో హ్యూ వైలీ పోస్టుమాస్టరు, ప్రెస్బిటేరియన్ చర్చిలో పెద్ద కూడా. ఆదివారం తపాలా పంచుతున్నాడని చర్చి అతన్ని వెలివేసింది. 1810లో కాంగ్రెస్ అడ్డం తిరిగి, తపాలా వచ్చే ఊళ్లో పోస్టాఫీసు వారంలో ప్రతిరోజూ తెరవాల్సిందేనని చట్టం చేసింది. ఆదివారం తపాలా ఆపాలని 1820ల చివర వందలకొద్దీ మహజరులు వచ్చాయి. కెంటకీ సెనెటర్ రిచర్డ్ జాన్సన్ 1829లో ఇచ్చిన నివేదిక వాటిని తోసిపుచ్చింది: ఏ రోజు పవిత్రమో తేల్చడం శాసనసభ పని కాదన్నాడు. ఆదివారం తపాలా 1912 దాకా సాగింది. చివరికి దాన్ని ఆపించింది పాస్టర్లూ, వారానికో రోజు సెలవు కోరిన తపాలా ఉద్యోగులూ కలిసి.

అంతర్యుద్ధం ఈ ధీమాను చెరిపేసింది. 1861లో విడిపోయిన దక్షిణ రాష్ట్రాలు తమ రాజ్యాంగం రాసుకుంటూ పీఠికలోనే సర్వశక్తిమంతుడైన దేవుడి అనుగ్రహం కోరాయి. బానిసత్వాన్ని కాపాడే రాజ్యాంగంలో దేవుడున్నాడు, ఉత్తరాది నమ్ముకున్న రాజ్యాంగంలో లేడు. ఇది ఉత్తరాది పాస్టర్లకు ముల్లులా గుచ్చుకుంది. మొదటి ఓటములు దేవుణ్ణి మరిచినందుకు పడిన శిక్ష అని కొందరు నమ్మారు. ఆ ఏడు నవంబరులో పెన్సిల్వేనియాలోని రిడ్లీవిల్ బాప్టిస్టు పాస్టరు ఎం. ఆర్. వాట్కిన్సన్, నాణేల మీద దేవుణ్ణి గుర్తించాలని ఆర్థికమంత్రి సామన్ చేజ్‌కు ఉత్తరం రాశాడు. మన శిథిలాలు తవ్వేవాళ్లు రేపు మనల్ని అన్యులనుకుంటే ఎలా అన్నది అతని బెంగ. 1864లో రెండు సెంట్ల నాణెం మీద 'దేవుణ్ణి నమ్ముకున్నాం' అన్న నినాదం మొదటిసారి అచ్చయింది. అదే సమయంలో పుట్టిన జాతీయ సంస్కరణ సంఘం ఇంకో అడుగు ముందుకు వేసి, యేసుక్రీస్తే జాతులకు పాలకుడని రాజ్యాంగ పీఠికలో చేర్చమంది. ప్రతినిధుల సభ న్యాయ కమిటీ 1874లో ఆ కోరికను పక్కన పెట్టింది.

అప్పటి గొంతుల్లో వేరుగా వినిపించేది అబ్రహాం లింకన్‌ది. 1865 మార్చి 4న రెండోసారి ప్రమాణం చేస్తూ ఇచ్చిన చిన్న ప్రసంగంలో, ఇరుపక్షాలూ ఒకే బైబిల్ చదివి ఒకే దేవుణ్ణి వేడుకున్నాయని, ఎవరి ప్రార్థనా పూర్తిగా ఫలించలేదని, దైవసంకల్పం తనదారి తనదని అన్నాడు. బానిసత్వం పాపాన్ని దక్షిణాది నెత్తినే రుద్దలేదు, శిక్ష ఇద్దరికీ పడిందన్నాడు. గెలుపు చేతికి అందుతున్న వేళ ఒక దేశాధినేత దేవుడు మా పక్షమని అనకపోవడం అమెరికాలోనే కాదు, ఎక్కడైనా అరుదు. ఆ ప్రసంగం ఇవాళ లింకన్ స్మారకం గోడ మీద చెక్కి ఉంది. దాని వంక చూసి మాట్లాడిన నాయకులు మాత్రం తక్కువ.

ఆ తర్వాతి నలభై ఏళ్లలో దేశం పెరిగింది, దాంతోపాటు తన మంచితనం మీద నమ్మకమూ పెరిగింది. ఖండమంతా పరచుకోవడం తమకు దైవం రాసిపెట్టిన రాత అన్న వాదన 1845లోనే జాన్ ఓసలివన్ పత్రికలో వచ్చింది. 1898లో స్పెయిన్‌ను ఓడించాక అది సముద్రం దాటింది. ఇండియానా సెనెటర్ ఆల్బర్ట్ బెవరిడ్జ్ 1900 జనవరిలో సెనెట్‌లో లేచి, ప్రపంచాన్ని ఉద్ధరించడానికి దేవుడు అమెరికన్లను ఎంచుకున్నాడన్నాడు. అధ్యక్షుడు మెకిన్లీ రాత్రిళ్లు వైట్‌హౌస్‌లో మోకరించి ప్రార్థిస్తే, ఫిలిప్పీన్స్‌ను ఉంచుకుని అక్కడివాళ్లను నాగరికులనూ క్రైస్తవులనూ చెయ్యాలన్న సమాధానం తోచిందట. ఈ మాట మెథడిస్టు ప్రతినిధులతో అన్నాడంటూ అతను చనిపోయాక, 1903లో అచ్చయింది. అచ్చంగా ఇలాగే అన్నాడా అని చరిత్రకారులు అనుమానిస్తారు. అన్నా అనకపోయినా అప్పటి పాఠకులకు అందులో వింతేమీ కనిపించలేదు. ఫిలిపినోల్లో అత్యధికులు అప్పటికి మూడు వందల ఏళ్లుగా కాథలిక్కులన్న సంగతీ ఎవరికీ అడ్డురాలేదు. 1899–1902 యుద్ధంలో 4,200 మందికి పైగా అమెరికన్ సైనికులు, 20,000 మందికి పైగా ఫిలిపినో యోధులు పోయారు. హింస, కరువు, రోగాల వల్ల చచ్చిపోయిన మామూలు జనం రెండు లక్షల దాకా ఉంటారు. మార్క్ ట్వేన్ 1905లో రాసిన 'వార్ ప్రేయర్' ఈ వాతావరణంలోంచి పుట్టిందే: యుద్ధానికి పోయేవాళ్ల విజయం కోసం చర్చిలో ప్రార్థిస్తుంటే ఒక ముసలాయన వచ్చి, మీరు నోటితో అనని రెండో సగం ఇదీ అని శత్రువుల చావునూ వాళ్ల పిల్లల అగచాట్లనూ విడమర్చి చెబుతాడు. పత్రిక వేసుకోలేదు. ట్వేన్ పోయాక, 1923లో గాని పుస్తకంలోకి ఎక్కలేదు.

ఈ ఆత్మవిశ్వాసానికి ఇంకో ముఖం తెలుగునేల మీదే ఉంది. అమెరికన్ బాప్టిస్టులు 1840లో నెల్లూరులో పెట్టిన మిషన్‌కు ఏళ్ల తరబడి చేరినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. మూసేద్దామా అని 1853లో ఆల్బనీ సభలో చర్చ జరిగినప్పుడు, పటం మీద ఆ ఒక్క చుక్కనూ ఒంటరి నక్షత్రమని ఎవరో అన్నారు. ఆ రాత్రి శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ అనే పాస్టరు దాని మీద ఒక గీతం రాసి మర్నాడు వినిపించాడు. మిషన్ మిగిలింది. అమెరికన్లు చాలాకాలం జాతీయగీతంలా పాడుకున్న 'అమెరికా' పాట రాసింది కూడా ఈ స్మితే. 1866లో ఒంగోలు వచ్చిన జాన్ క్లౌ 1876–78 కరువులో బకింగ్‌హామ్ కాలువ పనిలో కొంత దూరం కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవాళ్లకు, ముఖ్యంగా మాదిగలకు, కూలి ఇప్పించాడు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. లోకానికి వెలుగు చూపే పని తమదన్న నమ్మకం ఫిలిప్పీన్స్‌లో తుపాకీ పట్టింది, ఒంగోల్లో గంజి పోసింది, బడి పెట్టింది. ఆ రెంటినీ ఒకే గాటన కడితే చరిత్ర చెడుతుంది. ఒంగోలు పాస్టర్ల వెనక సైన్యం లేదన్నది చిన్న తేడా కాదు.

నాణెం మీద దేవుడి పేరు ఇష్టంలేని భక్తులూ ఉన్నారు. థియడోర్ రూజ్‌వెల్ట్ 1907లో శిల్పి సెయింట్ గాడెన్స్ చేత బంగారు నాణెం గీయించినప్పుడు నినాదం వదిలేశారు. డబ్బు మీద దేవుడి పేరు వేయడం దైవదూషణకు దగ్గరగా ఉంటుందని రూజ్‌వెల్ట్ వాదించాడు. జనం గోల చేస్తే 1908లో కాంగ్రెస్ తిరిగి వేయించింది.

జెండా ప్రమాణానిదీ ఇలాంటి కథే. కొలంబస్ వచ్చి నాలుగు వందల ఏళ్లయిన సందర్భంగా 1892 సెప్టెంబరులో బోస్టన్‌లోని 'యూత్స్ కంపానియన్' అనే పిల్లల పత్రిక దాన్ని అచ్చువేసింది. ఆ పత్రిక బడులకు జెండాలు అమ్మేది, జెండా ఉన్నాక వందనమూ ఉండాలిగా. రాసినవాడు ఫ్రాన్సిస్ బెల్లమీ, మాజీ బాప్టిస్టు పాస్టరు, క్రైస్తవ సోషలిస్టు. పాస్టరు రాసిన ప్రమాణంలో దేవుడు లేడు. చెయ్యి ముందుకు చాచి వందనం చేసే పద్ధతి నాజీల వందనంలా ఉందని 1942లో గుండె మీద చెయ్యి వేసుకోవడంగా మార్చారు.

అంతకు ముందే ఆ వందనం కోర్టుకెక్కింది. యెహోవా సాక్షులు జెండాకు మొక్కడం విగ్రహారాధన కిందికి వస్తుందంటారు. పెన్సిల్వేనియాలోని మైనర్స్‌విల్‌లో ఒక కుటుంబం పిల్లలు వందనం చేయనన్నందుకు బడినుంచి తీసేస్తే, 1940 జూన్‌లో సుప్రీంకోర్టు 8–1తో బడినే సమర్థించింది. యూరప్‌లో ఫ్రాన్స్ కూలుతున్న రోజులవి. తీర్పు వచ్చిన వారాల్లోనే ఊరూరా సాక్షుల మీద దాడులు జరిగాయి. మేన్ రాష్ట్రంలోని కెన్నెబంక్‌లో వాళ్ల మందిరం తగలబెట్టారు. మూడేళ్లకు, యుద్ధం మధ్యలోనే, 1943 జూన్ 14న అదే కోర్టు 6–3తో తన తీర్పును తిరగరాసింది. దేశభక్తిలో గాని మతంలో గాని ఫలానాదే సరైనదని ఏ అధికారీ శాసించలేడన్నది జస్టిస్ జాక్సన్ తీర్పు సారాంశం. ఆ రెండు తీర్పులూ నలభై ఏళ్ల తర్వాత ఢిల్లీలో మళ్లీ చర్చకొచ్చాయి. కేరళలో ముగ్గురు యెహోవా సాక్షుల పిల్లలు జనగణమన జరుగుతుంటే మర్యాదగా నిలబడ్డారు గాని పాడలేదు. బడి వాళ్లను తీసేసింది. గుత్తిలో పుట్టిన తెలుగు న్యాయమూర్తి జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి 1986 ఆగస్టులో రాసిన తీర్పు ఆ అమెరికన్ కేసులను పరిశీలించి, పిల్లలను తిరిగి చేర్చుకోమంది.

ఇవాళ అమెరికా సనాతనంగా చెప్పుకునే చాలా ఆచారాలు 1950ల్లో, అందులోనూ నాలుగైదేళ్లలో వచ్చినవి. సోవియట్ రష్యా నాస్తిక కమ్యూనిజం ఒకవైపు, అణుబాంబు భయం మరోవైపు. ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ సంక్షేమ పథకాల మీద 1930లనుంచీ కోపంగా ఉన్న పెద్ద వ్యాపారుల్లో కొందరు, సర్కారు కన్నా దేవుడే పెద్దని చెప్పే పాస్టర్లకు డబ్బు సాయం చేసి నేల సిద్ధం చేసిపెట్టారు. 1952లో జాతీయ ప్రార్థనాదినం చట్టం వచ్చింది. మరుసటేడు ఫిబ్రవరిలో అధ్యక్షుడితో ప్రార్థనా ఉపాహారం మొదలైంది. అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ పదవిలోకి వచ్చాకే బాప్తిస్మం తీసుకున్నాడు. మన ప్రభుత్వానికి లోతైన మతవిశ్వాసం పునాది కావాలని, ఆ విశ్వాసం ఏదైనా తనకు పట్టింపు లేదని అతను అన్నమాట అప్పట్లో నవ్వులపాలైంది. కానీ ఆ దశాబ్దం తీరు అంతకన్నా బాగా ఎవరూ చెప్పలేదు.

1954 ఫిబ్రవరి 7న, లింకన్ జయంతికి ముందటి ఆదివారం, వాషింగ్టన్‌లో లింకన్ వెళ్లే ప్రెస్బిటేరియన్ చర్చిలో ఐసెన్‌హోవర్ లింకన్ బల్ల మీదే కూర్చున్నాడు. పాస్టరు జార్జ్ డోకర్టీ స్కాట్లండ్ నుంచి వచ్చినవాడు. ఈ జెండా ప్రమాణాన్ని మాస్కో పిల్లలు తమ జెండాకు చెప్పినా సరిపోతుంది, దీన్ని అమెరికాది చేసే మాట ఏదీ అని అడిగాడు. నైట్స్ ఆఫ్ కొలంబస్ అనే కాథలిక్ సంఘం అప్పటికే అదే కోరుతోంది. నాలుగు నెలలు దాటగానే, జూన్ 14న, 'దేవుని ఏలుబడిలో' అన్న అర్థం వచ్చే రెండు మాటలు ప్రమాణంలో చేరాయి. జాక్సన్ తీర్పు వచ్చి సరిగ్గా పదకొండేళ్లు. 1955లో కరెన్సీ అంతటి మీదా నినాదం వేయాలన్నారు. 1956లో దాన్ని జాతీయ నినాదం చేశారు. కాగితం నోటు మీద అది మొదట కనిపించింది 1957లో. చేర్చిన వేదాంతం చాలా పలచన: క్రీస్తు లేడు, పాపం లేదు, పశ్చాత్తాపం లేదు. ఉన్నది రష్యన్లకు లేని దేవుడు ఒక్కడే. రైన్‌హోల్డ్ నీబర్ అనే వేదాంతి 1952లోనే, తన నిర్దోషిత్వాన్ని నమ్ముకున్న శక్తిమంతమైన దేశం ప్రమాదకరమని పుస్తకం రాశాడు. అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకుని ఊరుకున్నారు.

'కొండమీది పట్టణం' అన్న మాటా ఈ కాలంలోనే ముందుకొచ్చింది. 1630లో జాన్ విన్‌త్రాప్ తన తోటి ప్యూరిటన్లకు చెప్పిన ప్రసంగం ప్రధానంగా ధనికులూ పేదలూ ఒకరి భారం ఒకరు మొయ్యడం గురించి. అందరి కళ్లూ మనమీదే ఉంటాయి, మాట తప్పితే లోకంలో నవ్వులపాలవుతామన్న హెచ్చరికలో ఆ మాట వస్తుంది. ఆ రాతప్రతి 1838 దాకా అచ్చు మొహం చూడలేదు. స్వాతంత్ర్య యోధులు దాన్ని చదివి ఉండరు. 1961 జనవరిలో కెనడీ మసాచుసెట్స్ శాసనసభలో వాడాడు. రీగన్ 1974 నుంచి వాడుతూ, దానికి 'మెరిసే' అన్న విశేషణం తగిలించాడు. హెచ్చరిక అలా పొగడ్త అయిపోయింది.

1962 జూన్‌లో న్యూయార్క్ బడుల్లో చదివించే 22 మాటల ప్రార్థనను సుప్రీంకోర్టు కొట్టేసింది. మరుసటేడు తరగతిలో బైబిల్ పఠనాన్నీ ఆపింది. దేవుణ్ణి బడినుంచి వెళ్లగొట్టారన్న ఆక్రోశం మొదలైంది. కానీ అప్పటికి బాప్టిస్టులు పాత పట్టు వదల్లేదు. 1845లో బానిసత్వం తగాదాలో ఉత్తరాదివాళ్లనుంచి విడిపోయిన సదరన్ బాప్టిస్టు మహాసభ కూడా 1964లో మొదటి సవరణను ముట్టుకోవద్దనే తీర్మానించింది. 1979 తర్వాత మహాసభ పగ్గాలు సంప్రదాయవాదుల చేతికి పోయాయి. 1982లో బడిలో ప్రార్థనకు రీగన్ ప్రతిపాదించిన రాజ్యాంగ సవరణను అదే మహాసభ బలపరిచింది. జెర్రీ ఫాల్వెల్‌ది ఇంకా వేగమైన మలుపు. లించ్‌బర్గ్‌కు చెందిన ఈ బాప్టిస్టు పాస్టరు 1965లో, పౌరహక్కుల ఊరేగింపుల్లో నడిచే పాస్టర్లను మందలిస్తూ, బోధకుడి పని రాజకీయం కాదన్నాడు. 1979లో అతనే 'మోరల్ మెజారిటీ' పెట్టాడు. మధ్యలో గర్భస్రావాన్ని అనుమతించిన సుప్రీంకోర్టు తీర్పు ఒక్కటే జరగలేదు. నల్లపిల్లలను చేర్చుకోని క్రైస్తవ బడులకు పన్ను మినహాయింపు తీసేస్తామని 1970ల్లో పన్నులశాఖ పట్టుబట్టడం పాస్టర్లను కదిలించిందని ఉద్యమ నిర్మాత పాల్ వైరిక్ తర్వాత తానే చెప్పాడు. వాళ్లు ఓడించిన జిమ్మీ కార్టర్ ఆదివారం బడిలో పాఠాలు చెప్పే బాప్టిస్టు. గెలిపించిన రీగన్ చర్చికి వెళ్లేది తక్కువ. పెద్ద ప్రసంగాన్ని దేశానికి దీవెన కోరి ముగించడం అలవాటు చేసింది రీగనే. అలా మొదట ముగించింది నిక్సన్, 1973 ఏప్రిల్ 30న, వాటర్‌గేట్ మీద సంజాయిషీ చెప్పుకున్న రాత్రి.

వ్యాఖ్యాతల వృత్తి ఈ కథకు పక్కనే పెరిగింది. డెట్రాయిట్ పక్కన రాయల్ ఓక్ చర్చి పాదరు చార్లెస్ కాఫ్లిన్ 1926లో రేడియోలో మొదలుపెట్టి 1930ల్లో కోట్లమంది శ్రోతలను సంపాదించాడు. బ్యాంకర్లతో మొదలైన తిట్లు యూదుల మీదికి పోయాయి. 1940లో రేడియో, 1942లో పత్రిక ఆగిపోయాయి. వివాదాస్పద విషయాల్లో రెండో పక్షం మాటా వినిపించాలన్న నిబంధనను 1949లో ప్రసారసంస్థల మీద పెట్టారు. 1964లో బిల్లీ జేమ్స్ హార్గిస్ అనే బోధకుడు పెన్సిల్వేనియాలోని రెడ్ లయన్ స్టేషన్లో ఫ్రెడ్ కుక్ అనే రచయితను తిట్టిపోశాడు. జవాబుకు సమయం ఊరికే ఇవ్వాలని కుక్ అడిగాడు. స్టేషన్ కాదంది. 1969లో సుప్రీంకోర్టు ఒక్క గొంతుతో కుక్ పక్షాన నిలిచింది. 1987లో ఆ నిబంధన ఎత్తేశారు. ఏడాదికి, 1988 ఆగస్టులో, రష్ లింబా కార్యక్రమం దేశమంతా మొదలైంది. ఆరువందలకు పైగా స్టేషన్లకు పాకింది. 1996లో ఎంఎస్ఎన్‌బీసీ, ఫాక్స్ న్యూస్ వచ్చాయి. నిబంధన తీసేయడం ఒక్కటే కారణమనడం అతి, కేబుల్ టీవీకి అది ఎప్పుడూ వర్తించలేదు. కానీ ఉపదేశ వేదిక మీది తీరు స్టూడియోలోకి వచ్చింది: ఎదుటివాడు పొరబడ్డాడని అనడం పోయి చెడ్డవాడని అనడం మామూలైంది. ఇది ఒక పార్టీ సొత్తు కాదు. ఉదారవాద చానళ్లకు దేవుడి పేరు లేకుండానే ఆ స్వరం పట్టుబడింది. అమెరికా లేనిదే లోకానికి గడవదు, మేం మిగతా దేశాలకన్నా దూరం చూడగలమని 1998లో టీవీలో అన్న మాడలిన్ ఆల్‌బ్రైట్ డెమోక్రాట్ ప్రభుత్వంలోని విదేశాంగమంత్రి.

2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత రెండో రోజే ఫాల్వెల్ టీవీలో, దేవుడి రక్షణ తొలగడానికి స్త్రీవాదులు, స్వలింగ సంపర్కులు, హక్కుల సంఘాలు కారణమని నిందించి, తర్వాత క్షమాపణ చెప్పుకున్నాడు. 16న అధ్యక్షుడు బుష్ నోట 'క్రూసేడ్' అన్న మాట జారింది, సలహాదారులు సర్దుకున్నారు. దానికి ముందురోజే అరిజోనాలోని మీసాలో పెట్రోలు బంకు నడిపే ఒక సిక్కును, తలపాగా చూసి ముస్లిం అనుకుని, కాల్చి చంపారు. మరుసటి జనవరిలో బుష్ ప్రసంగంలో మూడు దేశాలు 'దుష్ట కూటమి' అయ్యాయి.

అందరి దేవుడు అన్నమాట ఎంతవరకు అందరిదో హిందూ ప్రార్థనలప్పుడు తెలిసింది. 2000 సెప్టెంబరు 14న భారత ప్రధాని వాజ్‌పేయి కాంగ్రెస్‌లో ప్రసంగించిన రోజు, ఒహాయోలోని పార్మా శివవిష్ణు ఆలయ అర్చకుడు ప్రతినిధుల సభను ప్రార్థనతో ప్రారంభించారు. హిందువు అలా చేయడం అదే మొదలు. ఒక పెద్ద క్రైస్తవ సంస్థ అభ్యంతరం చెప్పింది. 2007 జూలై 12న నెవాడాకు చెందిన రాజన్ జెడ్ సెనెట్‌లో ప్రార్థన మొదలుపెట్టబోతుంటే గ్యాలరీలో ముగ్గురు అరిచారు. పోలీసులు వాళ్లను పట్టుకుపోయాక ఆయన ప్రార్థన పూర్తిచేశారు.

కోర్టుల కొలబద్ద ఇటీవల మారింది. వాషింగ్టన్ రాష్ట్రంలోని బ్రెమర్టన్‌లో ఫుట్‌బాల్ కోచ్ ఆట ముగిశాక మైదానం మధ్యలో మోకరించి ప్రార్థించిన కేసులో 2022 జూన్‌లో సుప్రీంకోర్టు 6–3తో కోచ్‌ను సమర్థించింది. 1971నుంచీ వాడుకలో ఉన్న పరీక్షను వదిలేసి, చరిత్రనూ సంప్రదాయాన్నీ చూసి తేల్చాలంది. దాంతో ఏ ఆచారం ఎప్పుడు మొదలైందన్న ప్రశ్న పండితుల ముచ్చటగా మిగలక చట్టం సంగతైంది. 2023లో స్పీకరైన మైక్ జాన్సన్, లూసియానా సదరన్ బాప్టిస్టు, జెఫర్సన్ గోడను జనం తప్పుగా అర్థం చేసుకున్నారంటాడు. వాషింగ్టన్‌లోని బాప్టిస్టు సంయుక్త కమిటీ ఆ గోడను ఇంకా కాపలా కాస్తూనే ఉంది.

2024 జూన్‌లో లూసియానా ప్రతి సర్కారీ బడి తరగతి గదిలోనూ పది ఆజ్ఞల పటం పెట్టాలని చట్టం చేసింది. పటం కనీసం 11x14 అంగుళాలుండాలి, పాఠం ఏమిటో కూడా చట్టంలోనే ఉంది. ఆ పాఠం ఏ ఒక్క బైబిల్ లోదీ కాదు. 1950ల్లో మిన్నెసోటా జడ్జి ఒకరు, పిల్లలు చెడిపోతున్నారన్న దిగులుతో, ఈగిల్స్ అనే సోదర సంఘం ద్వారా ప్రొటెస్టెంట్లకూ కాథలిక్కులకూ యూదులకూ సరిపోయేలా కూర్పించిన పాఠానికి దగ్గరిది. అప్పుడే 'టెన్ కమాండ్‌మెంట్స్' సినిమా తీస్తున్న సెసిల్ డిమిల్ చేయి కలిపాడు. రాతిపలకలు ఊరూరా లేచాయి, కొన్నిటి ఆవిష్కరణకు చార్ల్‌టన్ హెస్టన్, యూల్ బ్రిన్నర్ వంటి ఆ సినిమా తారలే వెళ్లారు. టెక్సస్ శాసనసభ ఆవరణలో 1961లో నిలిపిన పలకను 2005లో సుప్రీంకోర్టు 5–4తో ఉండనిచ్చింది. లూసియానా ఆ పలక మీది పాఠాన్నే తీసుకుంది. 2024 నవంబరులో ఒక ఫెడరల్ జడ్జి ఆ చట్టాన్ని నిలిపేశాడు. మరుసటేడు టెక్సస్ తన బడులకూ అలాంటి చట్టమే చేస్తూ పటం కొలతను 16x20 అంగుళాలకు పెంచింది.